అప్‌డేట్: రెన్‌రెన్ పెట్టింది వాంగ్ షింగా, జోసెఫ్ చెనా? తేలిపోయింది

ఎంబీఏ సెమినార్ కోసం చైనా ఫుడ్ డెలివరీ కంపెనీ మెయ్‌తువాన్ అధినేత వాంగ్ షింగ్ గురించి రాస్తూ ఇక్కడ అడిగాను: చైనా సోషల్ సైటు రెన్‌రెన్‌ను పెట్టింది ఆయనేనని కొన్నిచోట్ల, జోసెఫ్ చెన్ అని మరికొన్నిచోట్ల ఉంది, ఏది నిజం అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

రెన్‌రెన్ అమెరికా స్టాక్ మార్కెట్లో లిస్టయినప్పటి ప్రాస్పెక్టస్ (షేర్లు అమ్మే ముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చూడమన్న సలహాతో చిక్కు వీడింది. వాంగ్ అమెరికాలో పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి చైనా వెళ్లిపోయాడు. 2005 డిసెంబరులో స్నేహితులతో కలిసి కాలేజీ విద్యార్థుల కోసం షియావ్‌నెయ్ అనే సైటు పెట్టాడు. విద్యార్థులు ఎగబడ్డారు గానీ దాన్ని నడిపేందుకు చేతిలో డబ్బు లేదు. 2006 అక్టోబరులో చెన్ కంపెనీకి అమ్మేశాడు. 2009లో దాని పేరే రెన్‌రెన్ అయింది, 2011లో న్యూయార్క్‌లో లిస్టయింది. అంటే సైటు మొదలుపెట్టింది వాంగ్, రెన్‌రెన్ కంపెనీ చెన్‌ది. రెండు మాటలూ నిజమే.



మా గైడ్ మాత్రం ఫాన్‌ఫౌను వదలొద్దన్నారు. ట్విటర్ లాంటి ఆ సైటును వాంగ్ 2007లో పెట్టాడు. 2009 జులైలో చైనాలోని ఉరుమ్‌చీ నగరంలో జరిగిన అల్లర్ల తర్వాత అది మూతపడింది. మళ్లీ తెరుచుకునే సరికి 2010 నవంబరు. ఆలోపే, అదే ఏడాది మార్చిలో మెయ్‌తువాన్ మొదలైపోయింది. నా దృష్టిలో అసలు కథ ఈ ఖాళీలోనే ఉంది. స్లైడ్లలో ఎక్కువ చోటు దీనికే ఇచ్చాను.