విషమౌషధంలో 'మ' ఎవరిది?

ఎంవీపీ కాలనీ:
ఒక ముక్క వారం రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. మా తోడల్లుడికి చిగుళ్ల నుంచి రక్తం, తొడల మీద కమిలినట్టు మచ్చలు. ఇక్కడే విశాఖలో చేర్పించాం. అక్యూట్ ప్రొమైలోసైటిక్ లుకేమియా అన్నారు, ఒక రకం రక్త క్యాన్సర్. మొదటి రోజు 'పరిస్థితి విషమం' అన్న డాక్టరుగారే తర్వాత ఆర్సెనిక్ ఎక్కిస్తామన్నారు. రెండు గంటల డ్రిప్పు. పక్కన కూర్చుని చుక్కలు చూస్తుంటే '...విషస్య విషమౌషధమ్' అని తోక మాత్రం గుర్తొచ్చింది. తల రావడం లేదు. ఇంకోటి, ఆ విషమానికీ ఈ విషానికీ చుట్టరికం ఉందా?

సీతమ్మధార:
'శ్రూయతే హి పురా లోకే విషస్య విషమౌషధమ్.' దానికి ముందున్నది మాత్రం ఆస్పత్రిలో పైకి చదవకండి: 'దృష్టిం దేహి పునర్బాలే కమలాయతలోచనే.' ఓ కుర్రాడు పిల్లని ఇంకోసారి చూడమని బతిమాలుకుంటున్నాడు. మొదటి చూపు విషం, రెండో చూపు విరుగుడు. కాళిదాసు పేర చెలామణి అయ్యే శృంగారతిలకంలోది.

పెదవాల్తేరు:
'చెలామణి' అన్నారు కాబట్టి సరిపోయింది. రుద్రభట్టుదీ ఒక శృంగారతిలకం ఉంది, అది అలంకారశాస్త్రం. రెండూ కలిపేస్తుంటారు. అది అలా ఉంచి, సంధి చూడండి. అందరూ విషమ్ + ఔషధమ్, విషానికి విషమే మందు అంటారు. విషమ + ఔషధమ్ అన్నా వృద్ధి సంధితో అదే 'మౌ' వస్తుంది! విషానికి కఠినమైన మందు అని అర్థం. వి + సమ, అంటే సమం కానిది; ఇకారం పక్కన స కాస్తా ష అయింది. విషంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. విషమజ్వరంలో విషం ఉందా? విషమవృత్తంలో ఉందా?

సీతమ్మధార:
వ్యాకరణం ఒప్పుకుంటుంది, శ్లోకం ఒప్పుకోదు. చూపుకి చూపే విరుగుడు కావాలి. మీ లెక్కన ఆ పిల్ల రెండోసారి కళ్లెర్రజేసి చూడాలి.

పెదవాల్తేరు:
చూస్తే తప్పేముంది?

గాజువాక:
నేను ఫార్మసీ మనిషిని. ఈ జబ్బు వరకూ విషమ్ అన్నదే నా ఓటు. ఎక్కించేది సాక్షాత్తూ శంఖపాషాణమే, ఎలకల మందు, శుద్ధి చేసి. 1970లలో చైనాలో హార్బిన్ డాక్టర్లు మొదలెట్టారు. మన వెల్లూరు సీఎంసీ వాళ్లు ఆర్సెనిక్‌నే ప్రధాన మందుగా పెట్టి 72 మందికి చికిత్స చేసి 2006లో ప్రచురించారు. నూటికి 86 మందిలో జబ్బు అణిగింది. దానికి విటమిన్ ఏ బంధువైన ఆట్రా క్యాప్సూల్స్ జతచేసి ఇటలీ, జర్మనీల్లో చేసిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. తెల్లకణాలు పదివేలు దాటని వాళ్లలో 97 శాతం మంది రెండేళ్లు ఏ గండమూ లేకుండా దాటారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలనే రక్త క్యాన్సర్ల గుంపులో ఈ జబ్బు పదో వంతుకి అటూఇటూ, అంతే. తొలి రోజుల్లో రక్తస్రావమే అసలు భయం. అందుకే అనుమానం వచ్చిన రోజే ఆట్రా మొదలెట్టేస్తారు, జన్యు పరీక్ష కోసం ఆగరు.

గోపాలపట్నం:
అంటే పోలికకి పోలికే మందు అనే హోమియోపతీ సూత్రమేగా!

గాజువాక:
కాదండీ. 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటే ఒక తేడా ప్రోటీన్ పుడుతుంది. దాని వల్ల తెల్లకణాలు ఎదగకుండా పిల్లకణాలుగానే ఆగిపోతాయి. ఆర్సెనిక్ పోయి ఆ ప్రోటీన్‌నే విరగ్గొడుతుంది. పోలికకి పోలిక కాదది, సూటిగా దెబ్బ.

పెదవాల్తేరు:
అయితే 'విషస్య' ఎక్కడుంది? జబ్బు విషం కాదని మీరే ఒప్పుకున్నారు!

ఎంవీపీ కాలనీ:
ఆ ప్రోటీన్ పేరు రిపోర్టులో 'పీఎంఎల్-రారా' అని ఉంది. నేను పైకి చదివితే మా అత్తగారు 'ఎవర్ని బాబూ రమ్మంటున్నావు?' అన్నారు.

సీతమ్మధార:
రక్తంలో జబ్బుకి సుమతి పద్యమే సరైనది. పాముకి తలలో, తేలుకి తోకలో. 'తలతోక యనక యుండును ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ.' గడ్డ అయితే కోసి పారేయొచ్చు, ఇది నిలువెల్లా ఉంది. 'నిలువెల్ల' అన్న ఒక్క మాటతో పద్యం నిలబెట్టాడు బద్దెన.

గోపాలపట్నం:
బద్దెనే అని గ్యారంటీ ఏమిటి?

సీతమ్మధార:
దానికి వేరే దారం పెట్టండి, వస్తాను.

ఎంవీపీ కాలనీ:
ఈ పూట ఈసీజీ తీశారు. పొటాషియం తక్కువగా ఉందని ముందు అది ఎక్కించి, మళ్లీ రక్తం చూసి, అప్పుడు గానీ ఆర్సెనిక్ సీసా తగిలించలేదు. లేకపోతే గుండె లయ తప్పొచ్చట. ఆట్రాకి మా వాడి పెదాలు ఎండి పగిలిపోయాయి, వెన్న రాస్తున్నాం. శ్లోకం వినిపిస్తే, పగిలిన పెదాలతోనే నవ్వి, మొదటి రెండు పాదాలు వాళ్లావిడ వచ్చాక చదవమన్నాడు.

పెదవాల్తేరు:
ముందు ఈసీజీ, తర్వాత పొటాషియం, ఆ తర్వాత గానీ మందు లేదు. విషమ ఔషధం అని నేను మొత్తుకున్నది ఇదే.

సీతమ్మధార:
మళ్లీ మొదలెట్టారూ!