విండోస్ 11 వేసే ముందు కాటా సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకున్నారా?

మిర్యాలగూడ_మిల్లు:
మా రైస్ మిల్లులో కాటా దగ్గరున్న కంప్యూటర్ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ అయిపోయింది కదా, 11 వేయించమని ఓనర్ రోజూ పోరు పెడుతున్నాడు. సాఫ్ట్‌వేర్ వెనక లెక్కలన్నీ దాచే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 ఎక్స్‌ప్రెస్ ఉంది. ముందు ఏమేం చూసుకోవాలి? పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ నడుస్తదా? వడ్ల లారీలు మొదలయ్యేలోపు అయిపోవాలి.

జడ్చర్ల_జిన్నింగ్:
సీజన్ ముందు ముట్టుకోకు అన్నా. మాది ఎస్‌క్యూఎల్ 2019, విండోస్ 11 మీద సపోర్ట్ ఉన్నదే, అయినా దెబ్బ తిన్నాం. విండోస్ చక్కగా లేచింది, ఎస్‌క్యూఎల్ సర్వీస్ మాత్రం స్టార్ట్ కాలేదు. గేటు బయట పత్తి ట్రాక్టర్లు, లోపల నేను. రెండు రోజులు చీటీలు చేత్తో రాశాం. ఎన్‌విఎంఇ డిస్క్ (కొత్తరకం ఎస్‌ఎస్‌డీ) సెక్టర్ సైజు, అంటే డిస్క్ ఒక్కసారికి రాసే ముక్క, 16384 బైట్లు అని చూపిస్తోంది, ఎస్‌క్యూఎల్‌కేమో 512, 4096 తప్ప పనికిరావు.

పాత_డీబీఏ:
సెక్టర్ సైజు వట్టి సాకు. అదే డిస్క్ మీద విండోస్ 10లో నడిచింది కదా? సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ పోయి ఉంటుంది. 17 ఏళ్లుగా సర్వర్లు చూస్తున్నాను, ఇలాంటివి వందల్లో చూశాను.

జడ్చర్ల_జిన్నింగ్:
వందల్లో చూసినోళ్లు ఒక్కసారి ఎర్రర్ లాగ్ కూడా చూడాల్సింది. 'మిస్‌అలైన్డ్ లాగ్ ఐఓ' అని, అంటే రాత సెక్టర్ హద్దులకు కుదరట్లేదని, పొడుగ్గా పడింది.

సూర్యాపేట_సిస్టమ్స్:
జడ్చర్ల ఆయన చెప్పింది నిజమే. డిస్క్ మారలేదు, 11లో డిస్క్ డ్రైవర్ అసలు సైజును బయటపెడుతుంది, 10లో పెట్టేది కాదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎఫ్‌ఎస్‌యుటిల్ ఎఫ్‌ఎస్‌ఇన్ఫో సెక్టర్‌ఇన్ఫో సి:' కొడితే కనబడుతుంది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) ఆ డ్రైవర్ పేరు స్టోర్‌ఎన్‌విఎంఇ కింద '* 4095' అనే విలువ చేర్చి రీస్టార్ట్ చేస్తే మా కస్టమర్ దగ్గర లేచింది.

పాత_డీబీఏ:
రిజిస్ట్రీలో వేళ్లు పెట్టమని చెప్పేవాళ్ల వల్లే సగం కంప్యూటర్లు పాడవుతున్నాయి.

సూర్యాపేట_సిస్టమ్స్:
అది మైక్రోసాఫ్టే రాసిపెట్టిన పరిష్కారం సార్. చదివి మాట్లాడండి.

దేవరకొండ_లెక్కలు:
మీ గొడవ మీది, నా గోడు వినండి. నేను ముందుజాగ్రత్త అనుకుని ఎస్‌క్యూఎల్ 2012 డేటా మొత్తం ఉండే ఎండీఎఫ్ ఫైలునే, కాపీ కూడా తీయకుండా, కొత్త కంప్యూటర్‌లో 2019కి అటాచ్ చేసి చూశాను, బాగానే తెరుచుకుంది. తర్వాత వెనక్కి తెచ్చి పాతదాంట్లో పెడితే 'ఇది వెర్షన్ 904, ఈ సర్వర్‌కు 706 వరకే' అని మొండికేసింది. ఒకసారి పైకి ఎక్కిన ఫైలు కిందికి దిగదంట. మూడేళ్ల లెక్కలు! పెన్‌డ్రైవ్‌లో నెల కిందటి బ్యాకప్ ఒకటి దొరకబట్టి బతికాను, ఆ నెల బిల్లులు మా ఆవిడా నేనూ కూర్చుని మళ్లీ ఎక్కించాం.

పాలమూరు_బిల్లింగ్:
మాది ఇంకా ఫాక్స్‌ప్రో డాస్ కాలం సాఫ్ట్‌వేర్. చేసిచ్చినాయన ఫోనే ఎత్తడు, ఎత్తితే ఏడాది మెయింటెనెన్స్ డబ్బులు ముందు కట్టమంటాడు. 11లో 32 బిట్ ఎడిషనే లేదు, 64 బిట్‌లో 16 బిట్ ప్రోగ్రాం నడవదు. అందుకే డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాంలను కొత్త విండోస్‌లో నడిపించేది) లాగిస్తున్నాను.

పాత_డీబీఏ:
అసలు ప్రశ్నకు వద్దాం. ఎస్‌క్యూఎల్ 2012కు సపోర్ట్ 2022 జులైలోనే పోయింది. 11 మీద 2017 నుంచి వచ్చినవాటికే సపోర్ట్. ముందు బ్యాకప్ తీసి, ఇంకో కంప్యూటర్‌లో 11 వేసి, 2019లో రీస్టోర్ చేసి, మీ కాటా సాఫ్ట్‌వేర్‌తో ఒక్క లారీ తూకం పూర్తిగా తీసి చూడండి. సెక్టర్ సంగతి... సరే, అది కూడా చూడండి.

జడ్చర్ల_జిన్నింగ్:
ఇప్పుడన్నారు మాట 😀

మిర్యాలగూడ_మిల్లు:
కమాండ్ కొట్టాను, 4096 చూపించింది. 11 నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి పోవచ్చని విన్నా గానీ, ఈ సీజన్‌కు మా ఓనర్‌కు ఏదో చెప్పి ఆపుతాను. ప్రింటర్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_బిల్లింగ్:
ఏ పోర్ట్ అన్నా? యుఎస్‌బీనా, పాత వెడల్పు పిన్నా?