పూలకుండీ కింద సాలీడు: ఇది కటిపోనా?

ప్రశ్న (తిరువాన్మియూరు, చెన్నై):
మేడ మీద ఖాళీ మట్టికుండీని తిరగేస్తే ఎర్రటి గోధుమ రంగు సాలీడు కనిపించింది. గుండ్రటి పొట్ట, మిరియపు గింజంత ఉంటుంది. గూడుకు ఒక రూపమంటూ లేదు, చిక్కుపడిన దారమే. మా అబ్బాయి ఫోనులో వెతికి "ఇది కటిపో, చాలా అరుదు, విషం" అంటున్నాడు. మాకు సముద్రం దగ్గరే. ఆ కుండీలో మొక్క పెట్టుకోవచ్చా?

జవాబు 1:
అమ్మా, మీ అబ్బాయి కుటుంబాన్ని బాగానే పట్టుకున్నాడు, ఊరే తప్పాడు. కటిపో, మీ సాలీడు రెండూ దువ్వెన కాలి సాలీళ్ల కుటుంబానివే కావచ్చు. వీటి వెనక కాళ్ల చివర రంపపు పళ్ల లాంటి వెంట్రుకలు వరుసగా ఉంటాయి, వాటితో దారాన్ని పురుగు మీదికి విసిరి చుట్టేస్తాయి. అయితే కటిపో న్యూజిలాండ్‌ది. అక్కడ కూడా సముద్రపు ఇసుక దిబ్బల్లోనే, కొట్టుకొచ్చిన దుంగల కింద, పింగావో అనే గడ్డి మొదళ్లలో ఉంటుంది. ఇసుక కదలకుండా బయటి నుంచి తెచ్చి నాటిన మరం గడ్డి ఒత్తుగా అల్లుకుపోవడంతో గూడు కట్టుకునే ఖాళీ నేల తగ్గింది. 2010 నుంచి దానికి అక్కడ చట్టరక్షణ ఉంది. ఆడది నల్లగా ఉంటుంది, వీపు మీద తెల్ల అంచు ఎర్ర చార. చార లేని నల్లవి కూడా ఉన్నాయి, 2008 దాకా వాటిని వేరే జాతిగా లెక్కించారు.

మీరు చెప్పిన రంగును బట్టి మీది ఇళ్లలో గోడ మూలల్లో కనిపించే నెస్టికోడిస్ రూఫిపెస్ అనిపిస్తోంది. అదే అయితే భయం లేదు. ఫొటో పెడితే మరికొంత నమ్మకంగా చెప్పగలను.

జవాబు 2:
ఒక్క జాగ్రత్త. బ్లాక్ విడో అనే విషపు సాలీళ్ల రకాలు మన దేశంలోనూ ఉన్నాయి. నల్లగా నిగనిగలాడుతూ ఎర్ర గుర్తు కనిపిస్తే వట్టి చేత్తో ముట్టకండి. కరిస్తే ఆసుపత్రికే వెళ్లాలి, పసుపు పూసి కూర్చోకూడదు. మీ సాలీడును గాజు గ్లాసు బోర్లించి, కింద అట్ట దూర్చి పక్కకు మార్చవచ్చు.

మార్చే ముందు గూడు అడుగు చూడండి. నేలకు బిగించిన నిలువు దారాల కొసల్లో జిగురు చుక్కలు ఉంటాయి. చీమ తగిలితే దారం అడుగున ఊడి, చీమను పైకి లేపేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఫొటో పెట్టాను. ఎర్ర గుర్తు ఏదీ లేదు. చీమ పైకి లేవడం ఇప్పుడే చూశాం, అబ్బాయి కుండీ దగ్గరి నుంచి కదలడం లేదు. కరివేపాకు మొక్కకు వేరే కుండీ కొంటాను.