తుంటి దగ్గర విరిగిన 74 ఏళ్ల అమ్మకు బంతి ఒక్కటే మార్చాలా, మొత్తం కీలు మార్చాలా?

ప్రశ్న

అమ్మ నిన్న జారి పడింది. కుడి తొడ ఎముక మెడ దగ్గర విరిగి ముక్క పక్కకు జరిగిందన్నారు. వయసు 74. పడేముందు వరకు కర్ర లేకుండా తిరిగేది, జ్ఞాపకశక్తి బాగుంది. అదే తుంటిలో అరుగుదల కొంత ముందే ఉంది. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. తొడ ఎముక పైనున్న బంతి మారిస్తే చాలని ఒక డాక్టరు, అది తిరిగే గిన్నె కూడా మార్చాలని ఇంకొకరు అంటున్నారు. క్లోపిడోగ్రెల్ ఆపి వారం ఆగాక చేద్దామనీ అంటున్నారు. కొత్త కీలును ఎముకలో అతికించే సిమెంటు వేయించాలా వద్దా అన్నదీ తేలలేదు. ఏం అడగాలో చెప్పండి.

జవాబు: ఎముకల విభాగం

ముందు ఆ వారం సంగతి తేల్చండి. తుంటి విరిగిన పెద్దవాళ్లకు 36 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ అయిపోవాలి. మంచం మీద గడిచే ఒక్కో రోజుకీ న్యుమోనియా, వీపు మీద పుండ్లు, కాలి సిరల్లో రక్తపు గడ్డలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. క్లోపిడోగ్రెల్ ప్రభావం పోవాలంటే 5 నుంచి 7 రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆగితే జరిగే నష్టం, ఆపరేషన్‌లో కాస్త ఎక్కువ రక్తం పోవడం కంటే పెద్దది. స్టెంట్ ఈమధ్య వేసినదైతే మాత్ర ఆపడమే ప్రమాదం, గుండె డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానిపించకండి. ఈ మాత్రతో ఇబ్బంది వచ్చేది మత్తు దగ్గర. వెన్నులో సూది వేస్తే అక్కడ రక్తం చేరి నరాలను నొక్కవచ్చు. అందుకని పూర్తి మత్తు ఇచ్చి, నొప్పికి గజ్జ దగ్గర నరాల బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే సూది) వేస్తారు. ఆ బ్లాక్ ఇప్పుడే వేయమని అడగండి, ఆపరేషన్ దాకా నొప్పి భరించాల్సిన పని లేదు.

ఇక మార్పిడి ఎందుకంటే, తొడ ఎముక తలకు, అంటే ఆ బంతికి, రక్తం తెచ్చే సన్నని నాళాలు మెడను అంటిపెట్టుకుని పైకి వెళ్తాయి. ముక్క జరిగితే అవి దెబ్బతింటాయి. స్క్రూలు వేసినా ఎముక అతక్కపోవచ్చు, అతికినా తల చచ్చుబడవచ్చు. మెడకు కింద, కండరాలు అంటుకునే బొడిపెల మధ్య విరిగి ఉంటే రక్తం బాగా అందుతుంది కాబట్టి రాడ్డు వేసి నిలబెట్టేవారు. మీ అమ్మగారిది అది కాదు.

సగం మార్పిడా (బంతి ఒక్కటే), పూర్తి మార్పిడా (గిన్నె కూడా) అన్నదానికి 2019లో వచ్చిన హెల్త్ (HEALTH) అనే అధ్యయనం ఉపయోగపడుతుంది. 50 ఏళ్లు దాటిన 1,495 మందిని పోల్చారు. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానం. పూర్తి మార్పిడి వారికి నొప్పి, నడక కొద్దిగానే మెరుగు. కీలు జారడం, నిలకడ తప్పడం మాత్రం వారిలో నూటికి 4.7, సగం మార్పిడిలో 2.4. అయితే మీ అమ్మగారి గిన్నె ముందే అరిగింది. అరిగిన గిన్నెలో లోహపు బంతి తిరిగితే గజ్జలో నొప్పి మిగిలిపోతుంది. సొంతంగా నడిచే మనిషి, మతి స్పష్టంగా ఉంది, అరుగుదల ఉంది కాబట్టి నేను పూర్తి మార్పిడి వైపే మొగ్గుతాను. ఒక షరతు: అది తరచుగా చేసే సర్జన్ రెండు రోజుల్లోపు దొరకాలి. దొరక్కపోతే వారం తర్వాత జరిగే పూర్తి మార్పిడి కంటే రేపు జరిగే సగం మార్పిడే మేలు.

జవాబు: మత్తు గది

సిమెంటు గురించి. కొత్త బంతిని మోసే లోహపు కాడకు సిమెంటు వాడకపోతే, దాన్ని ఎముక గొట్టంలోకి బిగువుగా కొట్టి దించుతారు. బోలుగా మారిన ఎముకైతే ఆ దెబ్బకు అప్పుడే చీలవచ్చు, తర్వాత చిన్న జారుడుకే కాడ చుట్టూ విరగవచ్చు. అందుకే ఈ వయసులో విరిగిన తుంటికి సాధారణంగా సిమెంటు కాడే మంచిది.

సిమెంటుకూ ఒక ప్రమాదం ఉంది. దాన్ని ఒత్తిడితో నింపేటప్పుడు మజ్జలోని కొవ్వు రక్తంలోకి చేరి ఊపిరితిత్తులకు పోతుంది, బీపీ, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోవచ్చు. గొట్టాన్ని నీటి ధారతో కడిగి ఆరబెట్టడం, సిమెంటు వేసేముందు సర్జన్ మత్తు డాక్టరుకు గట్టిగా చెప్పడం, బీపీ నిలిపే మందు చేతిలో సిద్ధంగా ఉండడం, ఈ మూడూ జరుగుతాయా అని అడగండి. స్టెంట్ ఉంది కాబట్టి గుండె పంపింగ్ ఎంతో ముందే తెలిస్తే మంచిది, కానీ అది చూసే ఎకో స్కాన్ కోసమని ఆపరేషన్ వాయిదా వేయించకండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. ఇద్దరు డాక్టర్లతోనూ మాట్లాడతాను. వెనక వైపు నుంచి కోస్తామన్నారు. అలాగైతే ఇంటికి వచ్చాక ఏం చూసుకోవాలి?

జవాబు: ఫిజియోథెరపీ

మరునాడే లేపి నిలబెట్టాలి, కాలి మీద పూర్తి బరువు వేయనివ్వాలి, సర్జన్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప. వెనక నుంచి చేసిన తుంటి మూడు కదలికలు కలిసినప్పుడు జారుతుంది: 90 డిగ్రీలు దాటి వంగడం, కాలు మీద కాలు వేయడం, పాదం లోపలికి తిప్పడం. తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేస్తూ పక్కకు తిరిగేటప్పుడు ఈ మూడూ ఒకేసారి జరిగిపోతాయి. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే ఎత్తులో ఉండాలి. టాయిలెట్ మీద ఎత్తు సీటు ఇంటికి రాకముందే బిగించండి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. చాలామంది సర్జన్లు ఇవి 6 నుంచి 12 వారాలు పాటించమంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా, లోపలికి తిరిగి కనిపిస్తే కీలు జారినట్టే. లాగి సరిచేయబోకండి, కదిలించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి వారాల్లో కాలు పొడుగైనట్టు అనిపించడం మామూలే, బిగుసుకున్న కండరాల వల్ల అది. తొందరపడి చెప్పుకు మడమ ఎత్తు వేయించకండి.

జవాబు: ఎముకల విభాగం

రెండు విషయాలు కలుపుతాను. కుట్ల దగ్గర తడి వారం దాటినా ఆగకపోతే ఊరికే యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టించకండి. అవి పైకి తగ్గినట్టు చూపిస్తాయి. తర్వాత కీలులోంచి నీరు తీసి పరీక్షించినా క్రిమి పట్టుబడకపోవచ్చు, ఈలోగా అది లోహం మీద పొరలా పాతుకుపోతుంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించండి.

రక్తపు గడ్డలు రాకుండా ఇచ్చే ఇంజెక్షన్లు సాధారణంగా 28 నుంచి 35 రోజులు ఉంటాయి, ఇంటికి వెళ్లగానే ఆగిపోకూడదు. క్లోపిడోగ్రెల్‌తో కలిపి ఎలా వాడాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. అదే కాగితంలో ఎముక బలానికి మందు కూడా ఉండాలి. విటమిన్ డి సరిచేసి, కిడ్నీలు చూసి, జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు ఏడాదికి ఒకసారి సిరలోకి ఇస్తారు, మొదటిది ఆపరేషన్ అయిన కనీసం రెండు వారాలకు. ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే ముప్పు ఎక్కువ, అయినా ఎక్కువగా మరిచిపోయేది ఈ మందునే.