షనెల్ తొలినాళ్ళ సినిమా: ఒక్కతే ఎదిగిందా?

సూదిమొన:
2009 నాటి ఫ్రెంచ్ సినిమా 'కోకో బిఫోర్ షనెల్' ఇన్నాళ్ళకి చూశాను. ఆన్ ఫొంతేన్ దర్శకత్వం, ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్‌గా ఓద్రే తోతూ. అనాథాశ్రమంతో మొదలవుతుంది. మూలాన్ ఊళ్ళో సైనికుల ముందు పాటలు, ఎతియెన్ బల్సాన్ అనే డబ్బున్నవాడి బంగళాలో మకాం, ఇంగ్లీషు వ్యాపారి ఆర్థర్ కాపెల్‌తో ప్రేమ, చివర్లో అద్దాల మెట్ల మీద ఫ్యాషన్ షో. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ జీవితకథ అంటూ తప్పులు చూపిస్తే ఎలా? సినిమాలో అడ్రియెన్ ఆమెకి తోబుట్టువు. నిజానికి మేనత్త, తండ్రికి స్వయానా చెల్లెలు. ఇద్దరిదీ దాదాపు ఒకే ఈడు. అసలు అక్కచెల్లెళ్ళు జూలియా, ఆంత్వానెత్. మరి వాళ్ళేరి?

మూడోవరుస:
చుట్టాలందరినీ చూపిస్తే అది సినిమా కాదండీ, పెళ్ళి వీడియో.

నిర్మొహమాటం:
సూదిమొన గారూ, ఇలాంటి లెక్కలు పెడితే ఏ జీవితకథా నిలబడదు. పైగా ఈమె విషయంలో అసలు నిజమంటే ఎవరి నిజం? పుట్టింది 1883లో. తను చెప్పుకున్నది 1893. తల్లి పోయాక తండ్రి ఒబజీన్‌లో సన్యాసినుల ఆశ్రమంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఈమేమో అత్తలు పెంచారని, నాన్న అమెరికా వెళ్ళాడని బతికినంతకాలం కథలు చెప్పింది. జీవితచరిత్ర రాద్దామని వచ్చినవాళ్ళని ముప్పుతిప్పలు పెట్టింది. అలాంటి మనిషి మీద తీసిన సినిమా ఆశ్రమాన్ని దాచకుండా మొదటి సీన్లోనే పెట్టింది. ఆమె కంటే సినిమాయే నయం. అత్తని అక్క చేస్తే కొంపలేం మునగలేదు.

వెన్నెలపిట్ట:
మగవాళ్ళ చొక్కా, టై కట్టుకుని గుర్రమెక్కే సీన్లు నాకు భలే నచ్చాయి. బట్టలకి ఫ్రెంచ్ సినిమాలకిచ్చే సెజార్ అవార్డు కూడా వచ్చింది. ఇంకేం కావాలి?

పాతరీలు:
మీరు అత్తా అక్కా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు మోసం పేరులోనే ఉంది. 'బిఫోర్' అని పెట్టి మంచి చోట ఆపేశారు. తర్వాత ఏం జరిగింది? నాజీలు పారిస్‌ని ఆక్రమించినప్పుడు ఈమె రిట్జ్ హోటల్లోనే ఉంది, డింక్‌లాగె అనే జర్మన్ అధికారితో సంబంధం పెట్టుకుంది. 1941లో యూదుల ఆస్తులు లాక్కునే చట్టాలు వస్తే, వాటిని అడ్డం పెట్టుకుని సెంట్ల కంపెనీని అందులో భాగస్వాములైన వెర్తైమర్ అనే యూదు సోదరుల నుంచి గుంజుకోవాలని చూసింది. వాళ్ళు ముందే జాగ్రత్తపడి యూదుడు కాని మనిషి పేరు మీదికి మార్చేశారు కాబట్టి పాచిక పారలేదు. సినిమాకి షనెల్ కంపెనీ సాయం ఉంది మరి, ఇవన్నీ ఎందుకు చూపిస్తారు?

నిర్మొహమాటం:
కాపెల్ కారు ప్రమాదంలో పోయింది 1919 డిసెంబర్లో. సినిమా కథ ఆగేది దాదాపు అక్కడే. ఇరవై ఏళ్ళ తర్వాతి పాపాన్ని ముప్పై ఆరేళ్ళ మనిషి మొహం మీద ఎలా చూపిస్తారు? జోస్యం చెప్పించాలా?

పాతరీలు:
చివర నాలుగు లైన్లు అక్షరాలతో వేస్తే సరిపోయేది. కంపెనీ తలుపు తీస్తే కథ ఎటు తిరుగుతుందో చూడండి. 2014లో ఈవ్ సాఁ లోరాఁ అనే ఫ్రెంచ్ డిజైనర్ మీద రెండు సినిమాలు వచ్చాయి. ఒకదానికి ఆయన భాగస్వామి పియెర్ బెర్జే మద్దతిచ్చాడు, అసలు బట్టలే వాడుకోనిచ్చాడు. రెండోదానికి ఒప్పుకోలేదు, వాళ్ళు బట్టలు మళ్ళీ కుట్టించుకోవాల్సి వచ్చింది. నాకైతే రెండోదే మనిషిని చూపించినట్టు అనిపించింది.

సూదిమొన:
నా ప్రశ్న పక్కకి పోయింది. జూలియా, ఆంత్వానెత్‌లని ఎందుకు తీసేశారు?

మూడోవరుస:
వదలరా అమ్మా!

సూదిమొన:
వదలను. ఆంత్వానెత్ ఊరికే చెల్లెలు కాదు. దోవిల్‌లో 1913లో కొట్టు పెట్టాక ఆమె, అడ్రియెన్ ఇద్దరూ షనెల్ బట్టలు వేసుకుని సముద్రం ఒడ్డున, ఊళ్ళో తిరిగేవాళ్ళు. అదే ప్రచారం. మోడల్స్‌కి డబ్బివ్వాల్సిన పని లేకుండా పోయింది. అంతకుముందు పారిస్‌లో బల్సాన్ ఫ్లాట్‌లో హ్యాట్లు మొదలుపెట్టినప్పుడు లూసియెన్ రబాతే అనే ఆమెని తెచ్చుకుంది. హ్యాట్ల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. షనెల్‌కి ఊహ ఉంది, పని అంతగా తెలీదు. సినిమాలో ఏముంది? ఒక్కతే కూర్చుని గడ్డిటోపీ తిప్పుతుంది, కత్తిరిస్తుంది, అయిపోయింది, ప్రపంచం మారిపోయింది.

నేనెందుకు ఇంత పట్టుగా అడుగుతున్నానో కూడా చెప్తాను. ఒక బొటిక్‌లో కటింగ్ మాస్టర్ దగ్గర పనిచేశాను. తర్వాత ప్యాటర్న్‌లు నేనే గీసేదాన్ని. బాడీకి పట్టకుండా వదులుగా ఉండి కూడా భుజం దగ్గర జారని ఒక కట్ నాది. దానికే గిరాకీ. ఓనరమ్మ టీవీ ఇంటర్వ్యూలో 'కుట్టు మిషన్ కూడా లేని ఇంట్లో పుట్టాను, ఎవరి సాయం లేకుండా ఇంతదాన్ని అయ్యాను' అని కన్నీళ్ళు పెట్టుకుంది. వెనకాల బొమ్మకి తొడిగింది నా కట్.

నిర్మొహమాటం:
అదీ సంగతి. మీ ఓనరమ్మ మీద కోపం తీసుకొచ్చి వందేళ్ళ నాటి మనిషి మీద పోస్తున్నారు. ఇది చర్చ కాదు, పగ.

సూదిమొన:
అవును, కోపమే. కోపంగా చెప్తే నిజం అబద్ధం అయిపోతుందా?

కత్తెరపట్టు:
ఆడవాళ్ళ చేత నడుం బిగించే కార్సెట్ విప్పించింది షనెల్ అని ఎవరూ అనలేదు కదా ఇక్కడ? అంటారేమో అని ముందే చెప్తున్నా. పోల్ పువారే అనే పారిస్ డిజైనర్ ఆమె కంటే ముందే ఆ పని చేశాడు. షనెల్ గొప్పతనం జెర్సీ గుడ్డలో ఉంది. మగవాళ్ళ లోదుస్తులకి వాడే బట్టతో పైకి వేసుకునే డ్రస్ కుట్టింది. సాగే గుడ్డని కట్ చెయ్యడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుసు.

నిర్మొహమాటం:
సరే, నేనూ నా సంగతి చెప్తాను, మీరే కాదు కథ ఉన్నవాళ్ళు. నేను హాస్టల్లో పెరిగాను. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చిన రోజు నా వెనకాల విన్న మొదటి మాట, 'ఎవరి అండ ఉందో'. నాకు ఏ అండా లేదు. అందుకే షనెల్ గురించి ఎవరైనా 'బల్సాన్ ఇంట్లో ఉంది, కాపెల్ డబ్బు పెట్టాడు' అని మొదలుపెడితే ఒళ్ళు మండుతుంది. కాపెల్ పూచీ మీద బ్యాంకు డబ్బు ఇస్తోందని తెలిసి ఆమె మండిపడిందట, ఆమె చెప్పుకున్నదే. తర్వాత ఆ బాకీ తీర్చేసింది కూడా. మగవాడికి పెట్టుబడి వస్తే తెలివి అంటారు. ఆడదానికి వస్తే 'ఎవరు పెట్టారు' అని అడుగుతారు. మీరూ అదే అడుగుతున్నారు, కాస్త మర్యాదగా.

సూదిమొన:
నేనెక్కడ అడిగాను? పైకెళ్ళి మళ్ళీ చదవండి. బల్సాన్ గురించి, కాపెల్ గురించి నా నోటి నుంచి ఒక్క నింద రాలేదు. మీకు మండాల్సింది సినిమా మీద. ఆమె వెనకాల ఉన్న మగవాళ్ళిద్దరినీ సినిమా నిండా చూపించారు. గుర్రాలు, విందులు, ముద్దులు, కన్నీళ్ళు అన్నీ ఉన్నాయి. పక్కన పనిచేసిన ఆడవాళ్ళలో ఒకామెని మేనత్త నుంచి అక్కగా మార్చారు, ఇంకొకామెని తీసే పారేశారు, మిగతావాళ్ళకి మొహాలే లేవు. 'ఎవరి అండ ఉందో' అని మీ గురించి అన్నవాళ్ళ మాటే ఈ సినిమా రెండు గంటల పాటు అందంగా చెప్పింది.

వెన్నెలపిట్ట:
ఇది నాకు తట్టలేదు.

నిర్మొహమాటం:
తట్టినా నేను ఒప్పుకోను. కుట్టినవాళ్ళకి జీతం ఇచ్చింది. జీతం తీసుకున్నాక పేరులో కూడా వాటా అంటే ఎలా? ఇంజనీరు పేరు పక్కన తాపీమేస్త్రీల పేర్లన్నీ రాస్తారా? ఊహ ఎవరిదో పేరు వాళ్ళదే. మీ కట్ మీ ఓనరమ్మ కొట్టేస్తే అది దొంగతనం, దాన్ని నేను సమర్థించను. షనెల్ ఎవరి కట్ కొట్టేసింది? చెప్పండి.

సూదిమొన:
కొట్టేసిందని అనలేదు. 1936లో ఫ్రాన్స్ అంతా సమ్మెలు జరిగినప్పుడు షనెల్ దగ్గర కుట్టేవాళ్ళు కూడా పని ఆపేశారు. ఆమెనే తన షాపులోకి రానివ్వలేదు. ఆమెకి అది ద్రోహంలా అనిపించింది. నేను పెట్టినన్నం తింటూ నన్నే ఆపుతారా అన్న కోపం. మీరు ఇప్పుడు మాట్లాడుతున్నదీ అదే కోపంతో.

పాతరీలు:
1936 చెప్పుకుంటే 1941 కూడా చెప్పుకోవచ్చు మరి.

నిర్మొహమాటం:
పాతరీలు గారూ, మీరు వేరే టాపిక్ పెట్టుకోండి. సూదిమొన గారూ, సమ్మె జరిగింది 1936లో, సినిమా ఆగింది 1919 దగ్గర. పాతరీలుకి చెప్పిన జవాబే మీకూ. ఇక ఊహ, పేరు విషయంలో నా మాట అదే.

సూదిమొన:
అయితే 1919 లోపలే మాట్లాడదాం. 1915లో బియారిట్జ్‌లో పెద్ద కుట్టుగది తెరిచింది. యుద్ధం నడుస్తోంది, డ్రస్సుల ధరలు మామూలు మనిషికి అందేవి కావు, ఆర్డర్లేమో ఆగట్లేదు. కాపెల్ బాకీ తీరింది ఆ గదుల్లో కుట్టిన డ్రస్సులతోనే. మీకు అంత నచ్చిన ఆ బాకీ తీర్చే భాగం సినిమాలో ఏ సీన్లో ఉందో చెప్పండి, నేను మళ్ళీ వేసుకుని చూస్తాను.