ఈ మధ్య వచ్చే గేముల్లో కొత్తగా ఏముందో ఎవరైనా చెప్పండి

పాత_కాసెట్
ఆదివారం ఖాళీ దొరికింది కదా అని సోనీ ప్లేస్టేషన్ (పీఎస్) ఆన్‌లైన్ స్టోర్ తెరిచి గంటసేపు తిప్పాను. ఏమీ కొనకుండా మూసేశాను. రెసిడెంట్ ఈవిల్ 4 కనిపించింది. 2005 నాటి గేమ్‌నే 2023లో మళ్లీ చేసి అమ్ముతున్నారు. ఫైనల్ ఫాంటసీ 7 అసలు వచ్చింది 1997లో. ఇప్పుడు దాన్నే మూడు ముక్కలు చేసి 2020లో ఒకటి, 2024లో ఒకటి వదిలారు. ద లాస్ట్ ఆఫ్ అస్ అయితే 2013లో పీఎస్3కి, 2014లో పీఎస్4కి, 2022లో పీఎస్5కి. తొమ్మిదేళ్లలో ఒకే గేమ్ మూడుసార్లు.

ఇక కొత్తవి అని చెప్పుకునేవాటి సంగతి చూడండి. పెద్ద మ్యాప్, ఎత్తైన టవర్, ఎక్కగానే మ్యాప్ నిండా గుర్తులు, శత్రువుల క్యాంపులు, స్కిల్ ట్రీ (హీరోకి ఒక్కో నైపుణ్యం తెరుచుకునే పట్టిక). హీరో బట్టలు మారతాయి, అంతే.

మా రోజుల్లో రోడ్ రాష్ వేరు, ముస్తఫా వేరు, ఐజీఐ వేరు, వైస్ సిటీ వేరు. పక్కవాడి స్క్రీన్ ఓరకంట చూసినా ఏ గేమో తెలిసిపోయేది. ఇప్పుడు ట్రైలర్ మొత్తం చూసినా చివర్లో పేరు పడేదాకా తెలియట్లేదు. వీళ్ల దగ్గర సరుకు అయిపోయిందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

బఫరింగ్_బాబు
ముస్తఫా పేరు కనిపించింది, లైక్ కొట్టేశా. మిగతాది తర్వాత చదువుతా.

సింధు_సేవ్‌పాయింట్
చెప్తాను. మీరు సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర పెట్టిన ఆఫర్ బల్ల చూసి, లోపలికి రాకుండానే కొట్లో ఏమీ లేదంటున్నారు.

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, 2018. ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఓడ ఒకటి మనుషుల్లేకుండా తిరిగొస్తుంది. మీరు ఇన్సూరెన్స్ లెక్కలు చూసే ఉద్యోగి. అరవై మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో తేల్చాలి. తుపాకీ లేదు, లెవెల్ పెరగడం లేదు, బుర్ర ఒక్కటే. అవుటర్ వైల్డ్స్, 2019. ఇరవై రెండు నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికొస్తారు. మీరు సంపాదించుకునేది కత్తులూ కవచాలూ కాదు, మీకు తెలిసిన విషయాలే. బాబా ఈజ్ యూ, అదీ 2019. గేమ్ రూల్స్‌నే పదాలుగా తెర మీద పెట్టి, వాటిని తోసి మార్చుకోమంటుంది. బలాట్రో, 2024. పోకర్ పేకముక్కలతో ఒక్క మనిషి చేసిన గేమ్. వెన్బా, 2023. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ, వంట చేస్తూ నడుస్తుంది.

2024లో పీసీ గేములమ్మే స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ కొట్లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి. చెత్త ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ సరుకు లేదనడం మాత్రం తప్పు.

ఇంకో మాట. మీరు ఒరిజినల్ అంటున్న ముస్తఫా అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ చేసింది. కథ ఒక అమెరికన్ కామిక్‌ది. ఆట తీరు అదే కంపెనీ 1989లో చేసిన ఫైనల్ ఫైట్‌ది. దానికి ముందు, 1987లో, డబుల్ డ్రాగన్ ఉంది. అంటే మీ చిన్నప్పటి ఒరిజినల్ కాపీకి కాపీ.

పాత_కాసెట్
ముస్తఫాని కాపీ అన్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నా. ఫైనల్ ఫైట్‌లో కారెక్కి రౌడీలను గుద్దే లెవెల్ ఉందా? తుపాకులు పట్టుకుని కాల్చగలమా? డైనోసార్‌కి తిక్క పుడితే మనవాడా పగవాడా అని చూడకుండా అందరి మీదా పడటం ఉందా? ఒకే రకం ఆట అయితే కాపీ అయిపోదు, అందులో ఏం కలిపారన్నది ముఖ్యం.

మీ లిస్టు చూశా. ఇడ్లీలు వండటం, పేకముక్కలు, ఇన్సూరెన్స్ ఆఫీసు పని. ఇవి గేములా అండీ?

సింధు_సేవ్‌పాయింట్
"అందులో ఏం కలిపారన్నది ముఖ్యం." మీరు రాసిన మాటే, దాచిపెట్టుకుంటున్నా. 1993లో డూమ్ వచ్చాక కొన్నేళ్ల పాటు తుపాకీ పట్టుకుని నడిచే ప్రతి గేమ్‌నీ డూమ్ క్లోన్ అనే అన్నారు. తర్వాత అదే ఎఫ్‌పీఎస్ (ఫస్ట్ పర్సన్ షూటర్, పాత్ర కళ్లతోనే చూస్తూ కాల్చే ఆట) అని ఒక జాతి అయింది. మీ ఐజీఐ అందులోదే. పాతవాటికి ఇచ్చిన ఆ రాయితీ కొత్తవాటికి ఎందుకు ఇవ్వరు?

వెన్బాలో ఇడ్లీ వండటం ఒక పజిల్. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి ఉంటుంది. ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చితే ఆవిరి అన్నింటికీ అందుతుందో మనమే ఆలోచించాలి. ఆడకుండా వెటకారం చేయకండి.

కాయిన్_బాక్స్
మా ఇంట్లో టీవీ గేమ్ కాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది. రెండు పేజీలు దాటితే మళ్లీ అవే గేములు, పేర్లు వేరు. మారియో చొక్కా రంగు మార్చి ఇంకో నంబర్ ఇచ్చేవాడు. ఆ రోజుల్లో అంతా ఒరిజినలే అంటుంటే నవ్వొస్తోంది.

పాత_కాసెట్
@కాయిన్_బాక్స్ అది చైనా కాసెట్. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

పేటెంట్_పంతులు
ఇందాకటి నుంచి కాపీ, కాపీ అంటున్నారు. కాపీ కొట్టనివ్వకపోతే ఏమవుతుందో కూడా చూడండి. 2014లో షాడో ఆఫ్ మోర్డోర్ వచ్చింది. అందులో మిమ్మల్ని చంపిన మామూలు సైనికుడికి ప్రమోషన్ వస్తుంది, మళ్లీ ఎదురుపడితే మిమ్మల్ని గుర్తుపట్టి ఎగతాళి చేస్తాడు. నెమిసిస్ సిస్టమ్ అంటారు. పెద్ద కంపెనీ గేముల్లో ఈ పది పన్నెండేళ్లలో నేను చూసిన అసలైన కొత్త ఆలోచన అదే. వార్నర్ వాళ్లు దానికి పేటెంట్ పెట్టి 2021లో సంపాదించారు. ఇంకెవరూ దాని జోలికి పెద్దగా పోలేదు. ఆ గేమ్ చేసిన మోనోలిత్ స్టూడియోని 2025 ఫిబ్రవరిలో మూసేశారు. ఆలోచన ఫైల్లో భద్రంగా ఉంది, మనుషులు ఇంటికెళ్లారు.

బఫరింగ్_బాబు
ఇదంతా సరే, ముస్తఫాలో హన్నాతో ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లోపాలీ_రాజు
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. గచ్చిబౌలిలో గేమ్ ఆర్ట్ అవుట్‌సోర్సింగ్‌లో పని చేస్తాను, కంపెనీ పేరు అడగొద్దు. మీరు చూసే పెద్ద గేముల్లో చెక్కపెట్టెలు, రాళ్లు, విరిగిన తలుపులు మాలాంటి వాళ్లం చేసినవే. మాకొచ్చే రిఫరెన్స్ షీట్‌లో ఏముంటుందో చెప్పనా? వేరే గేముల స్క్రీన్‌షాట్లు. "ఈ తలుపు ఆ గేమ్‌లో తలుపులా ఉండాలి." నిజంగా ఏదైనా పాత కోట తలుపు ఫొటో పంపితే, ఇది గేమ్ తలుపులా లేదని వెనక్కి వస్తుంది.

నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి రాత్రిళ్లు ఒక డెమో చేశాం. తోలుబొమ్మలాట. ఆటంతా తెర మీద నీడలతోనే. బొమ్మను దీపం దగ్గరికి జరిపితే నీడ పెద్దదవుతుంది, బలం పెరుగుతుంది, కానీ అంచులు మసకబారి దెబ్బ గురి తప్పుతుంది. పబ్లిషర్‌తో మీటింగ్‌లో మొదటి ప్రశ్న, "ఇది ఏ గేమ్ లాంటిది?" దేనిలాంటిదీ కాదు సార్ అన్నాం. అదే మా ప్రాబ్లమ్ అయిపోయింది. పోలిక లేకపోతే ఎంత అమ్ముడవుతుందో అంచనా వేయలేమన్నారు. మర్యాదగానే చెప్పారు.

కాబట్టి పాత_కాసెట్ అన్నా, కొత్తదనం తగ్గిందన్నది నిజమే. మనుషుల బుర్రల్లో తగ్గలేదు, అంతే. వడపోతలో పోతోంది.

పాత_కాసెట్
చూశారా సింధు గారూ. లోపలి మనిషే చెప్తున్నాడు.

సింధు_సేవ్‌పాయింట్
ఆయన చెప్పింది సరిగ్గా చదివారా? ఆలోచనలు ఉన్నాయి, డబ్బున్నవాళ్లు వద్దంటున్నారు అన్నాడు. డబ్బు లేకుండా తీసినవి నేను లిస్టు ఇస్తే "ఇవి గేములా" అన్నది మీరే. ఆ పబ్లిషర్‌కీ మీకూ తేడా ఏంటి?

పాత_కాసెట్
తేడా ఏంటంటే నేను కస్టమర్‌ని. ఇష్టపడి 55 అంగుళాల టీవీ కొనుక్కున్నా. దాని మీద పేకముక్కలు చూడమంటారా? పెద్ద గేమ్‌లో కొత్తదనం కావాలంటే చిన్న గేములు చూపిస్తారు. అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి. మీ తరం వాళ్లకి అసలు గేమ్ పార్లర్ ఎలా ఉండేదో తెలియదు, అందుకే ఏది పెట్టినా అద్భుతం అంటారు.

సింధు_సేవ్‌పాయింట్
నాది మీ తరమే సార్. తెలియకపోవడానికి కారణం వేరు. మా వీధి చివర పార్లర్‌లోకి మా అన్నయ్య రోజూ వెళ్లేవాడు, నన్ను గుమ్మం దగ్గరే ఆపేసేవారు. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి, అక్కడ కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ల మధ్య ఒక్క ఆడపిల్ల కూర్చుంటే ఎలా చూసేవారో మీకు తెలిసే ఉంటుంది. మీరు స్వర్ణయుగం అని తలుచుకుంటున్నది నాకు బయటి నుంచి వినిపించిన చప్పుడు మాత్రమే. నేను సొంత లాప్‌టాప్ కొనుక్కున్నాక ఆడిన మొదటి గేమ్ పేపర్స్ ప్లీజ్. సరిహద్దు గేటు దగ్గర పాస్‌పోర్టులు చూసి ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో తేల్చే గేమ్. నాకు గేములంటే ఇవే. వీటిని గేములు కావంటే నాకు కోపమొస్తుంది, వచ్చింది.

కాయిన్_బాక్స్
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

పాత_కాసెట్
పార్లర్‌లో జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కాను. ఎవరినీ ఆపలేదు కూడా. టాపిక్ గేముల గురించి.

లోపాలీ_రాజు
టాపిక్ దగ్గరికే వస్తా అన్నా. పెద్ద కంపెనీ, మంచి బొమ్మ, కొత్త ఆలోచన. మూడూ ఉన్న గేమ్ చెప్తాను: హై-ఫై రష్. నడక, దెబ్బ, శత్రువు కదలిక, చివరికి చుట్టూ ఉన్న మెషిన్లు కూడా పాట తాళానికే ఆడతాయి. 2023 జనవరిలో వచ్చింది. మీరు కొన్నారా?

పాత_కాసెట్
అది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వాళ్లది. నా దగ్గర పీఎస్5 ఉంది.

లోపాలీ_రాజు
2024 మార్చిలో పీఎస్5కి కూడా వచ్చింది. ఆ మే నెలలోనే దాన్ని చేసిన స్టూడియో మూసేస్తున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. తర్వాత కొరియా కంపెనీ క్రాఫ్టన్ తీసుకుని నిలబెట్టింది, అది వేరే కథ. ఆ వార్త వచ్చిన రోజు మా ఫ్లోర్‌లో ఎవరూ సరిగ్గా పని చేయలేదు. రివ్యూలు బాగున్నా, అవార్డులొచ్చినా మూసేస్తే, ఇంక దేన్ని నమ్ముకుని కొత్తది చేయాలి? మీలాంటి వాళ్లు లక్షల్లో ఉన్నారన్నా. కొత్తదనం కావాలని ప్రతి చర్చలో రాస్తారు, డబ్బులిచ్చేటప్పుడు మాత్రం రెసిడెంట్ ఈవిల్ 4 దగ్గరికే వెళ్తారు.

పాత_కాసెట్
ఇప్పుడు తప్పు నాదా? సరే, ఉన్నది ఉన్నట్టు రాస్తా. గేమ్ ధర 4,999. ఇంటి ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు పోగా ఏడాదికి ఒకటో రెండో కొనగలను. అవి కూడా ఇంట్లో సంజాయిషీ చెప్పి కొనాలి. రాత్రి పదిన్నర తర్వాత గంట దొరుకుతుంది. ఆ గంటలో, ఆ డబ్బుతో నేను ప్రయోగం చేయాలా? బాగుండకపోతే ఎవరిస్తారు వెనక్కి? కోట్ల డాలర్లున్న కంపెనీలు చేయాలి ప్రయోగం. రిస్క్ వాళ్లది, నాది కాదు.

లోపాలీ_రాజు
కంపెనీ కూడా సరిగ్గా ఈ మాటే అంటుంది. స్పైడర్‌మ్యాన్ 2 గేమ్ ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లని 2023 డిసెంబరులో హ్యాకర్లు బయటపెట్టిన కాగితాల్లో తేలింది. అంత పెట్టినవాడు కూడా "ప్రయోగం నేనెందుకు చేయాలి" అంటాడు.

పేటెంట్_పంతులు
పైగా పాత దారిలో వెళ్తే సేఫ్ అన్నది కూడా భ్రమే. 2016లో ఓవర్‌వాచ్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ హిట్టయిందని అదే బాటలో సోనీ కాన్‌కార్డ్ అనే గేమ్ చేయించింది. 2024 ఆగస్టు 23న విడుదల, సెప్టెంబర్ 6న సర్వర్లు బంద్. కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చారు.

పాత_కాసెట్
అదే నేనూ అంటున్నది. కాపీ కొడితే మునిగారు కదా.

సింధు_సేవ్‌పాయింట్
కాదు, మీరు ఇందాక అన్నది వేరు. రిస్క్ మీది కాదన్నారు. అయితే ఎవరిది? రాజు గారు జీతం మీద బతికే మనిషి, ఆయన రాత్రిళ్లు మేలుకుని డెమో చేశాడు. బలాట్రో చేసిన ఆయన ఒంటరిగా కూర్చుని చేశాడు. దాని ధర మీ 4,999 కంటే చాలా తక్కువ, మీ పీఎస్5లోనూ ఉంది. రిస్క్ అంటే అంతే. మీరు డబ్బు గురించి చెప్పింది నాకు అర్థమైంది. కానీ "సరుకు లేదు" అని చర్చ మొదలుపెట్టి, సరుకు చూపిస్తే "నాకు టైమ్ లేదు" అంటున్నారు. ఇవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. రెండోది ముందే రాసుంటే నేను ఇంత గొడవ పడేదాన్ని కాదు.

పాత_కాసెట్
రెండూ ఒకటే. టైమ్ ఉన్నప్పుడు అన్నీ కొత్తగా ఉండేవి అని మీరు అనబోతున్నారు కదా. అది కాదు. నిజంగానే తగ్గింది.

కాయిన్_బాక్స్
రాజన్నా, ఆ తోలుబొమ్మల డెమో ఎక్కడైనా ఉందా? ఆడాలని ఉంది. ఇంతకీ ఏ గేమ్‌లా ఉంటుంది?

లోపాలీ_రాజు
నువ్వు కూడానా తమ్ముడూ. చిన్న గేములు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్‌లో ఫ్రీగా పెడతాను, ఈ వారాంతంలోపు లింక్ ఇక్కడే ఇస్తా. మూడో లెవెల్లో దీపం ఆర్పితే గేమ్ హ్యాంగ్ అవుతుంది, తెలుసు, తిట్టకండి.

పాత_కాసెట్
పీఎస్5లో వస్తుందా?

లోపాలీ_రాజు
పీసీ మాత్రమే అన్నా. కన్సోల్‌కి తేవాలంటే డెవ్‌కిట్లు (గేమ్ తయారీకి వాడే ప్రత్యేక మెషిన్లు), టెస్టింగ్, సర్టిఫికేషన్, చాలా ఖర్చు. దానికే పబ్లిషర్ కోసం తిరిగాం.

పాత_కాసెట్
పీఎస్5కి వచ్చాక చెప్పండి. రివ్యూలు చూసి ఆలోచిస్తా.

సింధు_సేవ్‌పాయింట్
రాజు గారూ, లింక్ నాకు మెసేజ్ చేయండి. బగ్‌లు రాసి పంపుతా.