బ్రాంటీ అక్కచెల్లెళ్ళు: జీవితచరిత్ర ముందా, నవలలు ముందా?

ప్రశ్న (అమలాపురం)
ఎం.ఏ. ఇంగ్లిషు ప్రైవేటుగా కట్టాను, ప్రాజెక్టుకి ఇంగ్లిషు నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్ళని (షార్లెట్, ఎమిలీ, ఆన్) తీసుకున్నాను. డిగ్రీలో ఉండగా షార్లెట్ రాసిన ‘జేన్ ఐర్’ ప్రాణం పెట్టి చదివాను. ఇప్పుడు నెట్‌లో ఎక్కడ చూసినా వాళ్ళింట్లో చావుల గురించే. అవి చదివి నవల తెరిస్తే ప్రతి పేజీలో ఆ ఇల్లే కనిపిస్తోంది. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు (తణుకు)
జేన్ ఐర్ ఇంకోసారి, ఆ తర్వాత ఎమిలీ రాసిన వుదరింగ్ హైట్స్. ఆన్ నవలలు టైముంటే చూడండి, పరీక్షకి అంత అక్కర్లేదు.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, పాలకొల్లు)
అమ్మా, ఆన్‌ని మాత్రం వదలొద్దు. నవలలే ముందు చదువు. ఎమిలీ, ఆన్‌ల గురించి మనం వినేదాంట్లో చాలామటుకు షార్లెట్ చెప్పిందే. చెల్లెళ్ళు పోయాక 1850లో వాళ్ళ పుస్తకాలు మళ్ళీ వేస్తూ పరిచయం రాసింది ఆవిడే. ఆన్ రెండో నవలని మాత్రం మళ్ళీ వెయ్యనక్కర్లేదంది, ఆ వస్తువు ఎంచుకోవడమే పొరపాటంది. అక్క మాట వినకముందే చెల్లెలి మాట నువ్వు నేరుగా వినాలి.

1846లో ముగ్గురూ కలిసి మగపేర్లో ఆడపేర్లో తెలియని మారుపేర్లతో, సొంత డబ్బు పెట్టి కవితలు అచ్చువేసుకుంటే అమ్ముడుపోయినవి రెండు కాపీలు. మరుసటేడే, మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847లో, ముగ్గురి నవలలూ వచ్చాయి. 1849 మే దాటేసరికి షార్లెట్ ఒక్కతే మిగిలింది.

ఆన్ రెండో నవల ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’. తాగుబోతు మొగుడి దగ్గర్నుంచి కొడుకుని తీసుకుని వెళ్ళిపోయి, బొమ్మలు వేసి బతుకుదామనుకుంటుంది హెలెన్. అతను ఆమె డైరీ లాక్కుని చదివి, రంగులూ కుంచెలూ నిప్పులో పడేస్తాడు. నూనె, టర్పెంటైన్ పొగగొట్టంలోకి భగ్గున లేస్తాయి. మనవైపు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరం ఆడపిల్లది అంటాం. ఇంగ్లండులో 1870 చట్టం వచ్చేదాకా భార్య సంపాదన కూడా భర్తదే. అది తెలిసి చదివితే ఆ మంట వేరుగా కనిపిస్తుంది. క్లాసులో ఆ అధ్యాయం చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పట్టేసేది.

కొనేముందు మొదటి పేజీ చూడు. 1854 చౌక ప్రచురణలో కోతలు పెట్టారు, ఆ పాఠమే చాలాకాలం తిరిగింది. హాల్‌ఫర్డ్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంతో మొదలైతేనే తీసుకో.

జవాబు (ఏఎన్ఎం, రాజోలు)
చావుల గురించి ఒక మాటండి. వాళ్ళ తలరాత అలా ఉందని వదిలెయ్యకండి. 1850లో వాళ్ళుండే హావర్త్ ఊరి మీద ఆరోగ్య ఇన్‌స్పెక్టర్ బెంజమిన్ బాబేజ్ ఇచ్చిన నివేదిక చదవండి. పుట్టినవాళ్ళలో నూటికి 41 మంది ఆరేళ్ళు నిండకుండానే పోయేవారు. మంచినీళ్ళు చాలవు, మురుగు వీధుల్లోనే, శ్మశానం కిక్కిరిసిపోయింది. విచారణ జరిపించమని పట్టుబట్టినవాళ్ళలో ఈ అక్కచెల్లెళ్ళ తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఉన్నారు. వరద తీశాక లంకల్లో క్లోరిన్ బిళ్ళలు పంచే మాలాంటివాళ్ళకి ఆయన చేసిన పని విలువ బాగా తెలుసు.

అమలాపురం
మాస్టారూ, అయితే టెనెంట్‌తోనే మొదలుపెట్టనా?

పాలకొల్లు
లేదమ్మా, ముందు ఆన్ మొదటి నవల ‘ఆగ్నెస్ గ్రే’. చిన్న పుస్తకం. ఆన్ రెండిళ్ళలో గవర్నెస్‌గా, అంటే ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మగా చేసింది, ఆ అనుభవం అందులో ఉంది. పిట్టపిల్లల్ని హింసించబోతున్న కుర్రాడి చేతికి చిక్కకుండా ఆగ్నెస్ తనే వాటిమీద రాయి పడేసే చోటు వస్తుంది. అక్కడిదాకా చదివి ఏమనిపించిందో రాయి, వుదరింగ్ హైట్స్ సంగతి అప్పుడు చూద్దాం.